హాస్టల్ గది, మెస్ బిల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

యూనివర్సిటీ హాస్టళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో అందరికీ పనికొచ్చే కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. మెస్ బిల్లు మీద వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఒకే ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది. సీటుతో పాటు హాస్టల్ కూడా వచ్చేసినట్టేనా? (ఒక తండ్రి, ఖమ్మం)

కాదండీ. సీటిచ్చేది ఒకరు, గది ఇచ్చేది ఇంకొకరు. ఉస్మానియా, కాకతీయ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీటు సీపీగెట్ (రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో వస్తుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ పీజీ (జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష) స్కోరును బట్టి వస్తుంది. ఎక్కడైనా హాస్టల్‌కి విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. దాని గడువు తేదీ కూడా వేరే. సీటు ఫీజు కట్టాం కదా అని ఊరెళ్లిపోయి, పది రోజుల తర్వాత వచ్చి అడిగేవాళ్లే ఎక్కువగా గది పోగొట్టుకుంటారు. రిపోర్ట్ చేసిన రోజే చీఫ్ వార్డెన్ ఆఫీసు నోటీసు బోర్డు చూసి రండి.

కాగితాలు: అలాట్‌మెంట్ ఆర్డర్, ఫీజు రసీదు, టీసీ, ఆధార్, కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు, ఫొటోలు, ఊళ్లో ఉండే లోకల్ గార్డియన్ చిరునామా, ఫోన్ నంబరు. టీసీ ఒరిజినల్ కాలేజీలో ఇచ్చేశాక చదువు అయ్యేదాకా చేతికి రాదు. అందుకే ఇచ్చేముందే అన్నిటికీ మూడేసి సెట్లు జిరాక్స్ తీయించండి. ర్యాగింగ్ చేయనని విద్యార్థి, ఆ సంగతి తనకు తెలుసని తల్లి లేదా తండ్రి ఏటా హామీపత్రం ఇవ్వాలి. యూజీసీ 2009 నిబంధనల్లో ఉన్న సంగతిది. ఇబ్బంది వస్తే 1800-180-5522 నంబరుకి రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు.

మొదటి లిస్టులో పేరు లేకపోతే కంగారు పడకండి. తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో వేరే కాలేజీకి వెళ్లిపోయేవాళ్ల మంచాలు ఖాళీ అవుతాయి, వెయిటింగ్ లిస్టు కదిలేది అప్పుడే. ఈలోపు బయట పీజీలో ఉంచాల్సి వస్తే (చదువు పీజీ కాదు, పేయింగ్ గెస్ట్ పీజీ) నెలకి నెల కట్టే చోటే చూడండి. మూడు నెలల అడ్వాన్సు ఇచ్చేస్తే, పదిహేను రోజుల్లో క్యాంపస్ గది వచ్చినా ఆ డబ్బు రాబట్టుకోవడం కష్టం.

ప్రశ్న: ఒకే హాస్టల్, ఒకే తిండి. నవంబరులో రోజుకి ఒక రేటు, జనవరిలో దానికంటే ఎక్కువ. మెస్ బిల్లు ఎలా లెక్క కడతారు? ఎక్కడ తేడా వస్తుంది? (వరంగల్, విశాఖపట్నం, తిరుపతి నుంచి పలువురు)

ముందు మీది ఏ రకం మెస్సో తెలుసుకోండి. కాంట్రాక్టర్ నడిపే మెస్సులో నెలకింతని ఖరారు రేటుంటుంది, బిల్లు మారదు. మీరడిగింది డివైడింగ్ సిస్టమ్ గురించి. ఆ నెల అయిన ఖర్చు మొత్తాన్ని, ఆ నెల అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. వచ్చిందే రోజు రేటు. మీరు ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి మీ బిల్లు.

ఒక లెక్క వేసి చూద్దాం. హాస్టల్లో 180 మంది, నెలకి 30 రోజులు: 5400 రోజులు. ఊళ్లకి వెళ్లి మెస్ కట్ (లేని రోజులకి తిండి వద్దని రిజిస్టర్లో రాయడం) రాసినవాళ్లవి 400 రోజులు తీసేస్తే 5000. ఖర్చు 5,50,000 రూపాయలు అయిందనుకోండి, రోజుకి 110. నెలంతా ఉన్నవాళ్లకి 3300, ఎనిమిది రోజులు ఊరెళ్లినవాళ్లకి 2420.

ఇప్పుడు జనవరి. సంక్రాంతికి అందరూ వెళ్లిపోతే తిన్న రోజులు 3000కి పడిపోతాయి. బియ్యం, కూరగాయల ఖర్చూ ఆ మేరకు తగ్గుతుంది, కానీ వంటవాళ్ల జీతం తగ్గదు. మీ హాస్టల్లో జీతాలు కూడా మెస్ ఖాతాలోంచే ఇస్తుంటే, నెలకి 60,000 అనుకోండి, మామూలు నెలలో ఆ భారం రోజుకి 12 రూపాయలు. జనవరిలో 20. ఇందులో మోసమేమీ లేదు, లెక్కే అంత.

మోసం జరిగే చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి, మిగులు సరుకు. నెల మొదట స్టోర్‌లో ఉన్న సరుకు, దానికి ఆ నెల కొన్నది కలిపి, నెలాఖరుకి మిగిలింది తీసేస్తే వచ్చేదే అసలు ఖర్చు. నెలాఖరున స్టోర్ రూమ్‌లోకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టకపోతే, మిగిలిన నూనె డబ్బాలు, పప్పు బస్తాలు కూడా మీరు తినేసినట్టే లెక్క. పై నెల బిల్లులో వాటిని మళ్లీ కొన్నట్టు చూపించినా అడిగేవాడుండడు.

రెండోది, రిజిస్టర్లో పేరు లేకుండా తినేవాళ్లు. పాస్ అయిపోయినా గది వదలని సీనియర్లు, స్నేహితుడి గదిలో నేల మీద పడుకునే నాన్‌బోర్డర్లు. ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటూ గడవక ఉండేవాళ్లే ఇందులో చాలామంది, పొమ్మనడానికి నోరు రాదు. కానీ ఆ తిండి ఖర్చు ఎవరి మీద పడుతుందో తెలియాలి. పై లెక్కలోనే 20 మంది అలా తిన్నారనుకోండి, అవి 600 రోజులు. వాళ్లనీ లెక్కలోకి తెస్తే 5,50,000ని 5600తో భాగించాలి, రోజుకి 98 వస్తుంది. అంటే పేరున్న ప్రతి ఒక్కరూ రోజుకి 12 రూపాయల చొప్పున నెలకి 350 దాకా వాళ్ల తరఫున కడుతున్నారు. గెస్ట్ టోకెన్ పెట్టి పూటకింతని వసూలు చేస్తే ఎవర్నీ వెళ్లగొట్టక్కర్లేదు.

మూడోది బియ్యం. ఒక మనిషికి రోజుకి 400 గ్రాములు అనుకుంటే 5000 రోజులకి 2000 కిలోలు, అంటే 26 కిలోల బస్తాలు 77. (25 కిలోల దాకా ఉండే ప్యాకింగ్ మీద 2022 జులై నుంచి జీఎస్టీ పడింది. అందుకే 26 కిలోల బస్తా వచ్చింది.) రిజిస్టర్లో 80 ఉంటే సరే. 95 ఉంటే మెస్ సెక్రటరీని కూర్చోబెట్టి అడగండి. అన్నిటికంటే సులువుగా సరిచూడగలిగేది ఇదే, ఎందుకంటే బస్తా కళ్లకి కనపడుతుంది. కూరగాయల లెక్క పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇక మెస్ కట్. ఊరెళ్లినంత మాత్రాన రాదు. వరుసగా ఇన్ని రోజులకి తక్కువ కాకూడదని, ముందు రోజే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలని నియమం ఉంటుంది. ఆ సంఖ్య హాస్టల్‌ని బట్టి మారుతుంది, కాబట్టి మీ రూల్ బుక్ చూసుకోండి. వాట్సాప్‌లో కేర్‌టేకర్‌కి మెసేజ్ పెట్టి వెళ్లినవాళ్ల రోజులు చాలాసార్లు బిల్లులో తగ్గవు.

ప్రశ్న: స్కాలర్‌షిప్‌తో మెస్ బిల్లు మొత్తం సరిపోతుందా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

సరిపోతుందని లెక్క వేసుకోకండి. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా ప్రభుత్వం ఇచ్చే మెస్ చార్జీలు 2024 నవంబరులో నెలకి 1500 నుంచి 2100కి పెరిగాయి, అంటే రోజుకి 70 రూపాయలు. పై లెక్కలోని 110తో పోల్చి చూడండి. పైగా స్కాలర్‌షిప్ డబ్బు నెలనెలా రాదు, మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. ఈ-పాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) దరఖాస్తులో డే స్కాలర్ అని పెట్టారా, కాలేజీ అటాచ్డ్ హాస్టల్ అని పెట్టారా అన్నది మళ్లీ చూసుకోండి. మెయింటెనెన్స్ (తిండి, వసతి ఖర్చుకిచ్చే డబ్బు) దాన్ని బట్టే ఉంటుంది.

ప్రశ్న: గదిలో వాటర్ హీటర్ రాడ్, ఇండక్షన్ స్టవ్ వాడితే వార్డెన్ తీసుకెళ్లిపోతున్నారు. ఇంత పట్టింపు అవసరమా? (అనంతపురం)

అవసరమే. గదిలో ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర దాని మీద 1380 వాట్లకి మించి పడకూడదు. రాడ్డు 1500, ఇండక్షన్ స్టవ్ 2000. రెండూ దాటాయి. ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లే కాబట్టి దానికి ఎవరూ ఏమీ అనరు.

ఉదయం ఆరున్నరకి ఒక అంతస్తులో నలుగురు రాడ్లు పెడితే 6000 వాట్లు, 26 ఆంపియర్లు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతే అదృష్టం. పడిపోతోందని పెద్దది వేయించారో, గోడలో ఉన్న సన్నటి వైరు వేడెక్కడం మొదలవుతుంది. అంతకంటే ముందు కనిపించే గుర్తు ప్లగ్గు బెజ్జాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరగడం. లోపల పట్టు వదులైంది, అక్కడే వేడి పుడుతోందని అర్థం. ఆ ప్లగ్గు వాడకం ఆపేసి ఎలక్ట్రీషియన్ రిజిస్టర్లో రాయండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెడితే లోడు పంచుకుంటుందనుకోవడం పొరపాటు, లోడంతా మళ్లీ ఆ ఒక్క ప్లగ్గు మీదే.

15 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీల నుంచి 40కి రావడానికి రాడ్డుకి 14 నిమిషాలు చాలు. పెట్టి బ్రష్ చేసుకోవడానికి వెళ్లి మర్చిపోవడం వల్లే బకెట్లు కరుగుతాయి. స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టి చూడటం వల్ల ప్రాణాలే పోతాయి. జప్తుల మీద గొడవ పడే బదులు అంతస్తుకి ఒక గీజర్‌కి గానీ, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుతో ఒక వంట మూలకి గానీ అందరూ సంతకాలు పెట్టి అడగండి.

ప్రశ్న: నల్లులు. ఎండలో పరుపు వేసినా పోవడం లేదు. (రాజమండ్రి)

పరుపు ఒక్కటే ఎండేస్తే పోవు. ఇనప మంచం గొట్టాల చివర్లు, ప్లైవుడ్ పలక బిగించిన స్క్రూల సందులు, పరుపు అంచు కుట్టు, మంచం పక్కన స్విచ్ బోర్డు వెనక ఉంటాయి. మంచం బయటికి తెచ్చి కాళ్లు, గొట్టాల మీద సలసల కాగే నీళ్లు పోయండి. దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. మందు కొట్టిస్తే పక్క గదులకి కూడా కొట్టించాలి, 10 నుంచి 14 రోజుల్లో రెండోసారి కూడా కొట్టించాలి. మొదటి మందుకి గుడ్లు చావవు, ఆలోగా పొదుగుతాయి. వేసవి సెలవుల్లో గది ఖాళీగా ఉంటే అవే చస్తాయనుకోవద్దు, నెలల తరబడి తిండి లేకుండా బతుకుతాయి.

ప్రశ్న: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. హాస్టల్ తీసుకోవాలా, బయట ఉండి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) తీసుకోవాలా? (హైదరాబాద్)

ఎంచుకునే వీలు మీరనుకున్నంత లేదు. యూనివర్సిటీ గది ఇస్తామన్నాక మీరు వద్దంటే యూజీసీ నిబంధన ప్రకారం హెచ్‌ఆర్‌ఏ పోతుంది. గది లేదని యూనివర్సిటీ రాసిస్తేనే బయట అద్దెకి వస్తుంది. ఆ కాగితం ముందు సంపాదించి, తర్వాత ఇల్లు చూసుకోండి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000. దాని మీద హెచ్‌ఆర్‌ఏ శాతం నగరాన్ని బట్టి, ఎక్స్ తరగతికి ఎక్కువ, వై తరగతికి తక్కువ: హైదరాబాద్ ఎక్స్ తరగతి, విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై తరగతి.

ప్రశ్న: మధ్యలో హాస్టల్ వదిలేస్తే డిపాజిట్ తిరిగొస్తుందా? (గుంటూరు)

కాషన్ డిపాజిట్ ఫీజులో భాగం కాదు, బకాయిలేమీ లేకపోతే పూర్తిగా తిరిగివ్వాలి. గది అద్దె సంగతి వేరు, అది మీ హాస్టల్ నియమాల మీద ఆధారపడి ఉంటుంది.

డిపాజిట్‌లో కోతలు పడేది ఎక్కువగా మంచం, కుర్చీ, ఫ్యాన్ దగ్గరే. చేరిన రోజే గదిలో ఏమేమున్నాయి, ఏది విరిగి ఉందన్నది ఫొటోలు తీసి, కేర్‌టేకర్ రిజిస్టర్లో రాయించి సంతకం తీసుకోండి. మీకంటే ముందున్నవాడు విరగ్గొట్టిన కుర్చీకి మీరెందుకు కట్టాలి?

నో డ్యూస్ (బకాయిలేమీ లేవనే పత్రం) ఆలస్యమయ్యేది మీ చివరి నెల మెస్ బిల్లు వల్ల. నెల ముగిసి రోజు రేటు తేలితే గానీ మీ బాకీ ఎంతో తెలియదు. అందుకే నెల మధ్యలో కంటే నెలాఖరున ఖాళీ చేయడం మేలు. తాళంచెవి ఇచ్చిన తేదీ రాయించుకుని రసీదు తీసుకోండి. లేకపోతే ఆ తర్వాతి రోజులకి కూడా మీ పేరు మీద మెస్ నడుస్తూనే ఉంటుంది.