మాట్రిక్స్ మీద పీహెచ్‌డీ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్ చివరి ఏడాది. కణాల బయటుండే మాట్రిక్స్‌లో లింక్ ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తానంటోంది. మా బావమరిది డేటా సైన్స్‌లో చేర్పించమంటున్నాడు. ఇంత చిన్న విషయం పట్టుకుంటే బతుకుతెరువు ఉంటుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేరు చిన్నదే గానీ విషయం చిన్నది కాదండీ. మాట్రిక్స్ అంటే కణాల చుట్టూ ఉండి వాటిని పట్టి ఉంచే అల్లిక. మైలాపూరులో పూలు కట్టేవాళ్లను చూసే ఉంటారు. ముడి సరిగా పడకపోతే మాల ఎత్తగానే పూలు జారిపోతాయి. మోకాలి మృదులాస్థిలో హయలురోనన్ అనే పొడవాటి దారానికి అగ్రికాన్ అనే పెద్ద అణువులు వరసగా వేలాడుతుంటాయి. నీటిని పట్టుకుని మన బరువుకు తట్టుకునేవి అవే. అవి జారకుండా పట్టే ముడి లింక్ ప్రోటీన్. 1999లో ఎలుకల్లో దాని జన్యువు తీసేసి చూస్తే కాళ్లు పొట్టివయ్యాయి, చాలా పిల్లలు పుట్టిన కాసేపటికే ఊపిరాడక చనిపోయాయి. ఇక గాయం మానేటప్పుడు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ ఒకపక్క కణాన్ని, ఇంకోపక్క ఈ అల్లికకు నారలాంటి కొల్లాజెన్‌ను పట్టుకుంటుంది. ఎంజైములు పాత అల్లికను కోస్తుంటే కొత్తది పడుతుంది. ఈ లెక్క తప్పితేనే లివర్, ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్. మందుల కంపెనీలకు ఆసక్తి అందుకే.

పైగా మీరున్న ఊరు ఈ చదువుకు పుట్టిల్లులాంటిది. కొల్లాజెన్‌ది ముప్పేట అల్లిక అని 1954లో చెప్పిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్లే. తోలంటే చాలావరకు కొల్లాజెనే కాబట్టి అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐలోనూ ఈ పని జరుగుతుంది.

అలాగని ఇప్పుడే పీహెచ్‌డీ మాట వద్దు. ముందు జామ్ గానీ గ్యాట్-బి గానీ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీలో చేరాలి. అక్కడ ఆరు నెలల ప్రాజెక్టు కణాలను ల్యాబ్‌లో పెంచే సెల్ కల్చర్‌లోనే చేయమనండి. ఆదివారం కూడా కణాలకు మేత వేయాలి. ఫంగస్ పడితే మూడు వారాల పని చెత్తబుట్టలోకి పోతుంది. ఆ మర్నాడు మళ్లీ ల్యాబ్‌కు వెళ్లిందంటే అప్పుడు పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే నెట్ పరీక్ష రాయించండి. జేఆర్‌ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం వేరు. అయిదేళ్లకు తక్కువ పట్టదు, అది మాత్రం దాచను. ఈలోగా మైక్రోస్కోపు చిత్రాలను కంప్యూటర్ భాష పైథాన్‌తో కొలవడం నేర్చుకుంటే మీ బావమరిది మాట కూడా సగం విన్నట్టే.

వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు మెయిల్ తననే రాయనివ్వండి. తండ్రి రాసిన మెయిల్‌ను వాళ్లు రెండో లైనులోనే కనిపెట్టేస్తారు.