ఆ తండ్రిని బతకనివ్వు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ, దానితో పాటు పంపిన ఉత్తరం అందాయి. నన్ను ‘అంకుల్’ అని సంబోధించావు. కంటోన్మెంటులో పెరిగిన పిల్లలకు పక్క క్వార్టర్లలోని పెద్దలందరూ అంకుళ్లే కనుక, ఆ చనువుతోనే నిన్ను ‘నువ్వు’ అంటూ రాస్తున్నాను.

నేను ముందు కథ, తరువాత ఉత్తరం చదివాను. కథ చివరి పేజీలో హవల్దారు తండ్రి లేహ్‌లో మరణించి, జాతీయ పతాకం కప్పిన పేటికలో ఇంటికి చేరతాడు. పన్నెండేళ్ల కూతురు కన్నీళ్లు ఆపుకుని సెల్యూట్ చేస్తుంది. ఉత్తరం విప్పితే, మీ నాన్నగారు సైన్యంలో పదవీ విరమణ చేసి ఇప్పుడు కాకినాడలో ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీ గార్డుగా ఉన్నారనీ, ఆ చివరి పేజీ తప్ప కథంతా మీ ఇంట్లో జరిగినదేననీ రాశావు. నిక్షేపంగా ఉన్న మనిషిని చివరి పేజీలో ఎందుకు చంపావమ్మా? ఈ ప్రశ్న అడగకుండా మిగతా విషయాల్లోకి నేను వెళ్లలేను.

అంతకు ముందు పేజీల్లో మంచి చోట్లు ఉన్నాయి. సికింద్రాబాద్ తిరుమలగిరి క్వార్టర్స్‌లో ఆ తల్లి టీవీ వచ్చిన అట్టపెట్టెను లోపలి థర్మోకోల్ ముక్కలతో సహా అటక మీద దాచి ఉంచుతుంది. ఖాళీ చేసేటప్పుడు సైనిక భవనాల బాగోగులు చూసే ఎం.ఈ.ఎస్. వాళ్లు వచ్చి గోడలు చూస్తారన్న భయంతో ఒక్క మేకైనా కొట్టనివ్వక క్యాలెండరును కిటికీ ఊచకు కడుతుంది. నల్ల ట్రంకుపెట్టె మీద తండ్రి పాత యూనిట్ పేరుపై రంగు పూసి కొత్త పేరు రాసినా, ఏటవాలుగా ఎండ పడినప్పుడు అడుగున ఉన్న అక్షరాలు పైకి కనిపిస్తాయి. సెలవు మీద వచ్చిన తండ్రి మొదటి ఉదయం కూతురు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంటే, ఆ పిల్ల ఏమీ అనలేక తన పళ్లెం తీసుకుని వంటింట్లో అమ్మ పక్కన నేల మీద కూర్చుంటుంది. జవానుకు ఏటా అరవై రోజుల వార్షిక సెలవు, ముప్పై రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయనీ, వాటినీ ముక్కలు చేసి ఇస్తారనీ నువ్వు ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండానే, ఏడాదిలో ఎక్కువ భాగం తండ్రి లేని ఇంట్లో ఆయన రాక పిల్లలకు ఎంత సంతోషమో అంత ఇబ్బంది కూడా అని ఆ కుర్చీ దగ్గర తెలిసింది. అంత దూరం వచ్చినదానివి, ఆ ఇబ్బందిని తేల్చవలసిన చోట శవపేటికను తెచ్చి పెట్టి తప్పుకున్నావు.

సైనికుల ఇళ్ల గురించి మన తెలుగువాళ్ల ఎరుక చావుతో మొదలై చావుతోనే ముగుస్తుంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో కర్నల్ సంతోష్‌బాబు మరణించినప్పుడు మన రాష్ట్రాలు రెండూ దుఃఖించాయి. అలా దుఃఖించడం మన విధి. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న ప్రాణాలు అర్పించి మహావీర చక్ర పొందిన హైదరాబాదువాడు మేజర్ పద్మపాణి ఆచార్యను కూడా గుర్తుపెట్టుకున్నాం. అయితే ఆయన ఒక వాయుసేన అధికారి కుమారుడు. తండ్రి ఉద్యోగం వెంట తిరిగే ఇంట్లో పెరిగిన పిల్లవాడు మళ్లీ యూనిఫాం వైపే ఎందుకు నడుస్తాడు, ఏ బాల్యం అతన్ని అటు తీసుకువెళ్తుంది అన్న ప్రశ్న మన సాహిత్యంలో ఎవరూ పట్టించుకుని అడగగా నేను చూడలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని గర్వంగా చెప్పుకుంటాం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు అది. అలాంటి ఊళ్లలో సైనికుడి పేరు రాతి మీద చెక్కుతారు. అతని భార్యాబిడ్డలు ఆ ఏళ్లన్నీ ఎక్కడెక్కడ, ఎలా గడిపారో రాయవలసినది నీలాంటివాళ్లు.

నేను ఈ విషయంలో ఇంత పట్టుదలగా మాట్లాడడానికి కారణం ఉంది. మా నాన్న సైన్యపు సిగ్నల్స్ విభాగంలో నాయక్ ర్యాంకులో ఉండేవారు. 1971 డిసెంబరు యుద్ధ సమయంలో ఆయన ఫీల్డ్‌లో ఉంటే మేము జబల్‌పూర్‌లో క్వార్టర్స్‌లో ఉన్నాం. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు; యూనిట్ పేరు, దాని కింద 56 ఎ.పి.ఓ. అన్న ఆర్మీ పోస్టాఫీసు అంకె మాత్రమే ఉండేది. మా స్కూలు అట్లాసులో ఆ అంకెను ఎక్కడ వెతకాలో నాకు తెలిసేది కాదు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకుని దీపాలు తగ్గించుకున్న ఆ రోజుల్లో, టెలిగ్రాం తెచ్చే మనిషి సైకిలు మా వీధిలోకి మలుపు తిరగగానే ఇళ్లలో మాటలు ఆగిపోయేవి. ఒక సాయంత్రం అతను మా గుమ్మం ముందు వేగం తగ్గించి, నంబరు చూసుకుని, నాలుగు ఇళ్ల అవతల దిగాడు. అమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. చేతికి పిండి ఉండగానే తలుపు దాకా వచ్చి, అతను ఎక్కడ దిగాడో చూసి, లోపలికి వెళ్లి మిగిలిన పిండి కూడా కలిపి, ఎప్పటికంటే రెండింతలు రొట్టెలు కాల్చి, పళ్లెం నిండా పెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. అతను మా ఇల్లు దాటిపోయినప్పుడు నాకు కలిగిన ఊరటను, ఆ ఇంటి పిల్లవాడు మా తరగతిలోనే చదివేవాడన్న సంగతిని కలిపి ఏం చేసుకోవాలో నాకు ఆ వయసులో తెలియలేదు.

చాలా ఏళ్ల తరువాత దాన్ని కథగా రాసి అప్పట్లో పెద్ద పేరున్న ఒక వారపత్రికకు పంపాను. అది స్వాతంత్ర్య దినోత్సవ ప్రత్యేక సంచికకు కథలు కోరిన సమయం. సంపాదకుడు మర్యాదగానే తిప్పి పంపుతూ, టెలిగ్రాం మీ ఇంటికే రావాలి, అప్పుడే పాఠకుడి గుండె కదులుతుంది, అలా మార్చి పంపితే వేస్తాం అని రాశాడు. నేను మార్చలేదు, కథ అచ్చు కాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ప్రతి ఆగస్టులోనూ, ప్రతి జనవరిలోనూ అవే పేటికలు, అవే సెల్యూట్లు అచ్చవుతుంటే, ఒక పెద్ద జన సమూహపు బాల్యాన్ని మన పత్రికలు తమ సౌకర్యం కోసం నోరు నొక్కి ఉంచాయని నమ్ముతున్నాను. నీ చివరి పేజీ నీది కాదు, ఆ సంపాదకుల చేత తరాలుగా రాయించబడుతున్న పేజీ. అందుకే నొచ్చుకున్నాను.

ఇంకొక ఫ్యాషన్ కూడా నీ దారికి అడ్డు వస్తుంది, ముందే చెబుతున్నాను. కథను చూడగానే ఇది ఏ ప్రాంతం కథ అని అడిగే అలవాటు మన సంకలనకర్తలకు స్థిరపడింది. ఉత్తరాంధ్ర, సీమ, తెలంగాణ, కోస్తా కథల సంకలనాలు ఎన్నో గొంతులను వెలికితెచ్చాయి. ఆ మేలు కాదనను. అయితే ఝాన్సీలో రెండో తరగతి, తేజ్‌పూర్‌లో నాలుగు, పఠాన్‌కోట్‌లో ఆరు చదివిన పిల్ల ఏ సంకలనంలోకి వస్తుంది? నన్ను కూడా మీది ఏ జిల్లా అని అడిగి, జవాబు విని, పక్కన పెట్టిన పెద్దమనుషులు ఉన్నారు. నీ కథలో పిల్ల హిందీ కలిసిన తెలుగు మాట్లాడుతుందని భయపడి దాన్ని గోదావరి యాసలోకి దిద్దినట్టున్నావు. ఆ పిల్ల అలా మాట్లాడదు. దిద్దినచోటల్లా అక్షరాలు బిగుసుకుపోయాయి. వెనక్కి తీసుకో.

ఈ ఊరులేనితనాన్ని ప్రభుత్వం ఒకప్పుడు అర్థం చేసుకుంది. రెండో వేతన సంఘం సిఫారసు మీద 1962లో కేంద్రీయ విద్యాలయాల పథకాన్ని ఆమోదించి, 1963లో ఇరవై రెజిమెంటల్ పాఠశాలలను సెంట్రల్ స్కూళ్లుగా మార్చడంతో అవి మొదలయ్యాయి. నడి సంవత్సరంలో తండ్రికి బదిలీ అయినా పిల్లవాడు ఏ పాఠం దగ్గర వదిలాడో ఇంచుమించు అక్కడే అందుకోవాలన్నది వాటి ఉద్దేశం. నేను ఆ బడుల బిడ్డను. వాటికి రుణపడి ఉన్నాను. పాఠాల సంగతి అలా కుదిరింది కానీ, స్నేహితుల సంగతి ఎవరి చేతిలోనూ లేదు. తీరా పెద్ద చదువుల వేళకు సొంత రాష్ట్రానికి వస్తే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో మొదలైన పద్ధతి ప్రకారం స్థానికతకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడి చదువు చూపమంటారు. సైనికుల పిల్లలకు వేరే కోటా ఉన్నా, దరఖాస్తులో ‘స్థానికులా, కాదా’ అన్న గడి దగ్గర ఆ పిల్ల కలం ఆగుతుంది. ఆ గడి దగ్గర ఒక దృశ్యం రాయవచ్చు.

అమెరికాలో 1986 నుంచి ఏప్రిల్ నెలను సైనికుల పిల్లల నెలగా పాటిస్తున్నారు. బదిలీ అయిన పిల్లల మార్కులు, ప్రవేశాలు చెడకుండా రాష్ట్రాలన్నీ ఒక ఒప్పందం కూడా చేసుకున్నాయి. మనకు 1949 నుంచి డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం ఉంది. ఆ రోజు బడిలో చిన్న జెండా చొక్కాకు గుచ్చుకుని డబ్బాలో డబ్బు వేస్తాం. ఆ నిధి మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు చేరుతుంది. అది సహాయం, దాన్ని తక్కువ చేయను. గుర్తింపు వేరే సంగతి. మన పద్ధతిలో సైనికుడి బిడ్డ అంటే కార్డు మీద ‘డిపెండెంట్’ మాత్రమే. మాజీ సైనికుల వైద్య పథకంలో కొడుకుకు సంపాదన మొదలైనా, పాతికేళ్లు నిండినా, కూతురికి ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా ఆ కార్డు చెల్లదు. ఆ తరువాత ఆమె ఎవరు? మిలిటరీ ఆసుపత్రి బల్లలు, క్యాంటీన్ వరుసలు, ఉదయపు బ్యూగిల్ శబ్దం తప్ప తనదంటూ చెప్పుకునే ఊరు లేని ఆ మనిషిని పక్కింటివాళ్లు, ఉపాధ్యాయులు, చివరికి అత్తవారు ఏమని అర్థం చేసుకోవాలి? ఈ మనుషులకు అండగా నిలవాలంటే ముందు వాళ్ల జీవితం ఎలా ఉంటుందో చదివేందుకు ఏదైనా ఉండాలి. నీ కథ మీద ఇంత బరువు పెడుతున్నది అందుకే.

నీ కథలో ఒకే వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. అధికారి కూతురి పుట్టినరోజుకు వెళ్లినప్పుడు ఆ తల్లి చివరిదాకా నిలబడే ఉంటుంది. అక్కడ ఆగి రాయి. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లలు సాయంత్రం రెండు వేరు వేరు కాలనీలకు వెళ్లడం, వెల్ఫేర్ మీటింగ్‌లో భర్తల ర్యాంకును బట్టి భార్యలు కూర్చునే వరుసలు మారడం పిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో నాకు తెలుసు. దీన్ని రాస్తే సైన్యాన్ని నిందించినట్టు అవుతుందని నువ్వు వెనకాడి ఉంటావు. నాకు ఆ బెరుకు నచ్చలేదు. ప్రేమించే చోటును గురించి నిజం చెప్పడంలో ద్రోహం లేదు.

ఆలస్యం కూడా చేయకు. 2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకం కింద చేరినవారిలో గరిష్ఠంగా నలుగురిలో ఒకరే నాలుగేళ్ల తరువాత కొనసాగుతారు. మిగిలినవారిలో ఎక్కువమంది క్వార్టర్స్‌లో సంసారం పెట్టకుండానే బయటికి వస్తారు. నువ్వు పెరిగిన ఆ వీధులు, ఆ ట్రంకుపెట్టెలు ముందు ముందు ఇంత విస్తారంగా ఉండవేమోనని నా అనుమానం.

నీ అసలు కథ మీ నాన్నగారి పదవీ విరమణ తరువాత మొదలవుతుందని నా నమ్మకం. నలభైలలోనే యూనిఫాం విప్పిన మనిషి, కూతురు ఇంటర్ చదివే వేళకు సొంత జిల్లాకు వచ్చి, ఇంకొక సంస్థ ఇచ్చిన వేరే యూనిఫాం వేసుకుని బ్యాంకు తలుపు దగ్గర నిలబడతాడు. ఇప్పుడాయన ప్రతి రాత్రీ ఇంట్లోనే ఉంటాడు. ఆ కుర్చీ ఎవరిది? ఆయన లేని ఏళ్లలో అన్నీ తానై నడిపిన తల్లి గ్యాస్ పుస్తకం, ఫీజు రసీదులు ఆయన చేతికి ఇస్తుందా, ఇవ్వదా? కూతురికి ఆయన సంతకం ఎలా ఉంటుందో తెలుసా? ఇవి నేను అడగడం కాదు, నీ మొదటి పేజీలే అడుగుతున్నాయి.

కలం పేరు గురించీ, పోటీల గురించీ అడిగినవాటికి జవాబు ఇప్పుడు రాయను. చివరి పేజీ తీసేసి కథను మళ్లీ రాయి. ఇంటి పేరు, యూనిట్ పేరు మార్చుకో; క్వార్టరు నంబరు మాత్రం నిజమైనదే ఉంచు, నువ్వు ఆ గదుల్లో తిరుగుతూ రాయడానికి అది పనికివస్తుంది. రాసినదాన్ని ముందు మీ అమ్మగారికి చదివి వినిపించు. తరువాత నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, భోజనం చేసి కూర్చున్నాక ప్రతిని ఆయన చేతికి ఇవ్వు. ఆయన ‘ఇలా జరగలేదు’ అన్న ప్రతిచోటా అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆయన చెప్పినదాన్ని పక్కనే రాసి, ఆ గుర్తులు చెరపకుండా నాకు పంపు.

ఆశీస్సులతో,
అంకుల్