ఆ ఈలలు నిజమేనా?

ప్రశ్న: శాక్సోఫోన్ వాయించే కానన్‌బాల్ యాడర్లీ జాజ్ బ్యాండ్ 1966 నాటి లైవ్ రికార్డు ఈమధ్య తెగ వింటున్నాను. మధ్యమధ్యలో జనం కేకలు, ఈలలు! అది నిజంగా క్లబ్బులో జరిగిందేనా, తర్వాత అతికించారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: జనం నిజమే, క్లబ్బే నిజం కాదండీ! అట్ట మీద షికాగో క్లబ్బు అని రాశారు కానీ, అసలు రికార్డు చేసింది లాస్ ఏంజెలెస్‌లో, క్యాపిటల్ రికార్డు కంపెనీ స్టూడియోలో. జనాన్ని పిలిచి, మందు ఉచితంగా పోసి, క్లబ్బు వాతావరణం తెచ్చారు.

నాకైతే ఇది పెద్ద మోసం అనిపించదు. ఈ బ్యాండ్ వాయించే రకాన్ని సోల్ జాజ్ అంటారు. అందులో సగం నల్లజాతివాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చింది, అక్కడ పాడేవాడు ఒక మాట అంటే కూర్చున్నవాళ్లు వెంటనే బదులిస్తారు (మన హరికథలో జనం గోవింద కొట్టినట్టు), ఆ బదులు లేకపోతే వాయించేవాళ్లకీ ఊపు రాదు. బ్యాండ్‌లోని జో జావినుల్ ఎలక్ట్రిక్ పియానో మీద నెమ్మదిగా అందుకున్నప్పుడు జనం ఎలా ఊగిపోతున్నారో మళ్లీ ఒకసారి వినండి.

అసలు సిసలు క్లబ్బే కావాలంటే యాడర్లీ బ్యాండే 1959 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని జాజ్ వర్క్‌షాప్ అనే క్లబ్బులో వాయించింది ఉంది. ఇంకా టెన్షన్ కావాలా? 1969లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ జాజ్ ఉత్సవం వేదిక మీద పియానిస్టు లెస్ మెకాన్, శాక్సోఫోన్ వాయించే ఎడ్డీ హారిస్ కలిసి వాయించింది వినండి, సరైన రిహార్సల్ కూడా లేదు వాళ్లకి! ట్రంపెట్ వాయించిన బెన్నీ బెయిలీ పరిస్థితీ అంతే. అయినా అది బాగా అమ్ముడుపోయింది.