ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు దేవరకొండ పోయి రా

నల్లగొండ
ఆదివారం

చిరంజీవి బిడ్డకు,

పెద్దనాయన ఆశీస్సులు. నువ్వు పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివాను. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు పెద్దపేగు క్యాన్సర్, నానో పార్టికల్స్ (మందును మోసే అతి సన్నని రేణువులు) తీసుకున్నావని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ముప్పై ఏళ్లు ఫార్మాస్యూటిక్స్ పాఠం చెప్పినవాణ్ని, మన ఇంటి పిల్ల ఆ దారిలోకి వచ్చిందంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ బిడ్డా, పార్టికల్ సైజు ఎంత ఉండాలో రాశావు, పాలిమర్ ఏదో రాశావు, సర్ఫాక్టెంట్ ఎంత శాతమో రాశావు. ఆ మందు ఏ రోగి కోసమో మాత్రం పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

దేవరకొండ మామ సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు ఇంటర్‌లో ఉన్నావు, మీ నాన్న నీకు అంతా చెప్పలేదు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మామ మొలలనుకున్నాడు. ఎనిమిది నెలలు పసరు మందు తాగాడు. హైదరాబాద్‌లో కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పేగు పరీక్ష, చేసేసరికి గడ్డ పేగు గోడ దాటి పక్కనున్న లింఫ్ గ్రంథులకు పాకింది. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకొకసారి చొప్పున పన్నెండు కీమోలు అన్నారు. మొదటి ఆరింటికి నేనే వెంట పోయాను.

మామకిచ్చిన కీమో మందు ఫైవ్ ఫ్లోరోయురాసిల్ నీకు కొత్త కాదు. 1957లో హైడెల్‌బర్గర్ బృందం తెచ్చిన మందు, రక్తంలో హాఫ్ లైఫ్ (సగానికి తగ్గే సమయం) పది ఇరవై నిమిషాలు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక్క మార్కు మామ నడుముకు 46 గంటలు వేలాడింది. అంత తొందరగా కరిగిపోయే మందు కాబట్టి కొంత ఒకేసారి ఎక్కించి, మిగతాది చిన్న పంపులో నింపి, ఛాతీ చర్మం కింద పెట్టిన పోర్టుకు గొట్టం తగిలించి ఇంటికి పంపేవాళ్లు. పాలసీసా అంత ప్లాస్టిక్ సీసా, లోపల బెలూన్. మందు దిగేకొద్దీ బెలూన్ ముడుచుకుంటుంది. ఎల్.బి.నగర్‌లో మా చిన్నోడి ఇంట్లో ఆ సీసాను దిండు పక్కన పెట్టుకుని పడుకునేవాడు. అర్ధరాత్రి లేచి, ఫోన్ లైటు వేసి, బెలూన్ ఎంత తగ్గిందో చూసుకునేవాడు. నేను నిద్రపోతున్నట్టు పడుకుని చూస్తూ ఉండేవాణ్ని.

దాంతోపాటు ఆక్సాలిప్లాటిన్, చల్లదనం ఓర్చుకోనివ్వని ఇంకో కీమో మందు. మే నెల, మన నల్లగొండ ఎండ. మీ అత్తమ్మ రంజన్‌లో నీళ్లు ముంచి గ్లాసు చేతికిస్తే పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వదిలేశాడు, గాజుపెంకులు గుచ్చుకున్నట్టు ఉందని. చల్లటి గుక్క గొంతు దిగితే ఊపిరి ఆగినంత పనయ్యేది. ఆ ఎండాకాలమంతా వేడినీళ్లే తాగాడు. ఇప్పటికీ అరికాళ్లు తిమ్మిరి. చొక్కా గుండీలు అత్తమ్మే పెడుతుంది.

ఆ మందులను నేను తక్కువ చేయడం లేదు. మామ ఈ రోజు తన బత్తాయి తోటలో తిరుగుతున్నాడంటే వాటి చలవే. అయితే గడ్డ కోసం ఇచ్చిన మందు వేళ్ల కొసలకు, నోటి లోపలి పొరకు ఎలా పోయిందో కళ్లారా చూశాకే, మందును చోటుకు చేర్చే విద్య ఎందుకు కావాలో నాకు తెలిసొచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతూ ఉన్నాను.

కాబట్టి ముందు ఒక్క వాక్యం రాసుకో: నా మందు ఎవరికి? పేగు లోపల చిన్న పాలిప్ (కండ పిలక) ఉన్నవాళ్లకు నానో అక్కర్లేదు, కొలనోస్కోపీలోనే తీసేస్తారు. గడ్డ పేగు గోడలోనే ఉంటే నోటి ద్వారా ఇచ్చిన పార్టికల్ పేగు లోపలి వైపు నుంచి దాన్ని అందుకోవచ్చు. కాలేయానికి పాకిన రోగి సంగతి వేరు. పెద్దపేగు రక్తం చాలావరకు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే పోతుంది, అందుకే తరచూ ముందు అక్కడికే పాకుతుంది. అక్కడికి మందు చేరాలంటే పేగులో విడుదలైతే చాలదు, రక్తంలో తిరగాలి. ఇవి రెండు వేర్వేరు ప్రాజెక్టులు. నీ సినాప్సిస్ మొదటి పేజీలో నోటి మందు ఉంది, మూడో పేజీలో ఈపీఆర్ ఎఫెక్ట్ (రక్తంలో తిరిగే పార్టికల్ గడ్డలో చేరి నిలిచిపోవడం) ఉంది. ఈ రెండింటికీ అసలు పొత్తు ఎక్కడ కుదిరింది?

ఈపీఆర్ గురించి కూడా చెప్పనీ. గడ్డలోని రక్తనాళాలకు సందులు ఎక్కువ, బయటికి తోడే లింఫ్ కాలువలు సరిగా ఉండవు, అందుకని పెద్ద అణువులు అక్కడ చేరి నిలిచిపోతాయని 1986లో మత్సుమురా, మయెదా చెప్పారు. ఎలుకల్లో బాగానే కనబడింది. కానీ పదేళ్ల ప్రయోగాలన్నీ కలిపి 2016లో లెక్కగడితే, ఎక్కించిన పార్టికల్స్‌లో గడ్డకు చేరినవి మీడియన్ (మధ్య విలువ) లెక్కన 0.7 శాతం. మిగతావాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. ఈ అంకె నీ ఇంట్రడక్షన్‌లో తప్పకుండా ఉండాలి. అది చూసి దిగాలు పడకు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే నానో క్యాన్సర్ మందుకు పేరొచ్చింది ముఖ్యంగా గుండెను కాపాడినందుకు. మామూలు డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీసేది, లిపోజోమ్ అనే కొవ్వు బుడగలో పెట్టాక ఆ దెబ్బ తగ్గింది. నువ్వు కూడా మామ వేళ్లను గుర్తుపెట్టుకుని లెక్క వేసుకో. ఇంకొకటి: ఇరినోటెకాన్ పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే పాత మందే, కానీ దాని లిపోజోమ్ రూపం ఓనివైడ్‌కు 2015లో అనుమతి వచ్చింది పాంక్రియాస్ క్యాన్సర్‌కు. ఒక అవయవంలో పనిచేసింది ఇంకో దాంట్లో పనిచేస్తుందని రాసేయకు.

నన్నడిగితే నోటి మందే పట్టుకో. నీకున్న ఏడాదిలో అయ్యే పని అదే. నీ పైలట్ బ్యాచ్‌లో యూడ్రాజిట్ ఎస్-100 అనే పాలిమర్ పూత వేశావు, పీహెచ్ 7 దాటితే కరుగుతుంది, బాగుంది. కానీ చిన్నపేగు చివర 7 దాటిన పీహెచ్ పెద్దపేగు మొదట్లో మళ్లీ తగ్గుతుంది. మనిషి మనిషికీ తేడా. ఒక్క పీహెచ్ తాళాన్నే నమ్ముకుంటే కొందరిలో పూత కరగకుండానే బయటికి పోతుంది. రెండో తాళం కూడా పెట్టు. పెద్దపేగులో బాక్టీరియా దండిగా ఉంటుంది, గ్వార్ గమ్‌ను అది తినేస్తుంది. గ్వార్ అంటే మన గోకరకాయే బిడ్డా, దాని గింజలో జిగురు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు ఫైవ్ ఫ్లోరోయురాసిల్‌కు గ్వార్ గమ్ టాబ్లెట్లు చేసి 2002లోనే పేపర్ వేశారు. ముందు అది చదువు. దాన్ని పార్టికల్ మీదికి ఎలా తేవాలో ఆలోచించు.

పార్టికల్ మీది ఆవేశాన్ని చెప్పే జీటా పొటెన్షియల్ మైనస్ 32 వచ్చిందని సంబరంగా రాశావు. డిస్టిల్డ్ వాటర్‌లో కొలిచి ఉంటావు. వానాకాలం చెరువు నీళ్లు ఎర్రగా వచ్చేవి, మీ నాయనమ్మ పటిక ముక్కను బిందెలో నాలుగు చుట్లు తిప్పేది. కాసేపటికి మన్ను దూదిపింజల్లా గుంపుకట్టి అడుగుకు దిగేది. మట్టి రేణువులకు రుణావేశం, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ నెట్టుడును చంపేస్తుంది. ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్‌లోనూ పటిక, సున్నం కలిపినప్పుడు ఏర్పడే ఆ పింజలే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగేది. ఇప్పుడు చెప్పు, పేగులో ఉన్నది డిస్టిల్డ్ వాటరా? అక్కడి ఉప్పులు నీ పార్టికల్ ఆవేశాన్ని కప్పేస్తాయి. పొట్టలాంటి పీహెచ్ 1.2లో రెండు గంటలు, చిన్నపేగులాంటి 6.8లో మూడు గంటలు ఉంచి, ఆ తర్వాత సైజు చూడు. అప్పుడొచ్చే అంకెనే నమ్ము.

ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నది. ఒక విద్యార్థి బ్యాచ్ 160 నానోమీటర్లు వచ్చింది, పోస్టర్ పంపేశాం. నెల తర్వాత సీసా తీస్తే అడుగున తెల్లగా గడ్డకట్టి ఉంది, ఎంత ఊపినా విడిపోలేదు. పోస్టర్‌లో 160 అనే ఉంచాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు గానీ, నా ముఖం చూసి తల దించుకున్నాడు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నువ్వు మొదటి రోజు, వారానికి, నెలకు మూడుసార్లు కొలిచి మూడూ రాయి. నిల్వ ఉండకపోతే ట్రెహలోజ్ అనే చక్కెర వేసి ఫ్రీజ్ డ్రై చేసి చూడు.

మీ గైడ్ సార్ మందు మార్చి పసుపులోని కర్క్యుమిన్ తీసుకోమన్నారని రాశావు. ఆయన ఉద్దేశం మంచిదే, ఫ్లోరోయురాసిల్ నీళ్లలో కరిగేది కాబట్టి పీఎల్‌జీఏ పాలిమర్‌లో నిలవదు, తయారు చేస్తుండగానే బయటి నీళ్లలోకి జారుకుంటుంది. ఎంట్రాప్‌మెంట్ (లోపల చిక్కే మందు శాతం) తక్కువొస్తుందని టెన్షన్. కర్క్యుమిన్ నూనెలో కరుగుతుంది, సులభంగా లోపల కూర్చుంటుంది. కానీ సులభమని తీసుకుంటే, ఇప్పటికే ఉన్న వేల పేపర్లలో నీది ఇంకొకటి అవుతుంది. నీళ్లు, నూనె, మళ్లీ నీళ్లు పొరలుగా కలిపే డబుల్ ఎమల్షన్‌తో ఫ్లోరోయురాసిల్‌నే ప్రయత్నించు. 30 శాతమే వచ్చినా 30 అనే రాయి. గైడ్ సార్‌తో మర్యాదగా, డేటా ముందు పెట్టి మాట్లాడు.

డయాలిసిస్ బ్యాగ్ అనే సన్న రంధ్రాల సంచిలో మందు రిలీజ్ చూసేటప్పుడు ఉత్త మందును కూడా ఇంకో బ్యాగ్‌లో కట్టి పక్కనే నడిపించు. బ్యాగే మందును ఆపుతుంటే, ఆ ఆలస్యాన్ని నీ పార్టికల్ గొప్పతనం అనుకునే ప్రమాదం ఉంది. హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ సెల్స్ మీద చేసేటప్పుడు మందు లేని ఖాళీ పార్టికల్ కూడా పెట్టాలి. ప్లేటులో మందు సెల్స్‌కు నేరుగా తగులుతుంది, పేగులో మధ్యన బంకలాంటి మ్యూకస్ పొర ఉంటుంది. ఆ తేడాను డిస్కషన్‌లో ఒప్పుకో.

ఊళ్లో నువ్వు క్యాన్సర్ మందు కనిపెడుతున్నావని అప్పుడే చెప్పుకుంటున్నారు. ఎవరైనా ఫోన్ చేస్తే నీ పార్టికల్స్ గురించి ఒక్క ముక్క ఆశ పెట్టకు. రక్తం పడుతోందని ఎవరన్నా అంటే మొలలే అయి ఉంటాయిలే అనకుండా, వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మను. లాబ్‌లో నువ్వు ఏడాదిలో చేయగలిగిన దానికన్నా ఆ ఒక్క ఫోన్ ఎక్కువ పని చేయొచ్చు.

వచ్చే వారం లాబ్‌లో దిగకముందే, మహబూబ్‌నగర్ నుంచి కల్వకుర్తి మీదుగా దేవరకొండ పోయి రా. మామకు చెప్పాను నువ్వొస్తావని. మందు ఎక్కుతున్నప్పుడు ఎలా ఉండేదో అడుగు, మొహమాటపడకు, ఆయన చెబుతాడు. పంపుతో తీసిన ఫొటోలు అత్తమ్మ ఫోన్‌లో ఇంకా ఉన్నాయట, చూపిస్తానంది.

మీ పెద్దనాయన