తేలే ఇల్లు మన చెరువుల్లో నిలబడుతుందా?

తిరుపతి చుట్టుపక్కల చెరువులో తేలే ఇల్లు కట్టుకోవచ్చా, కాంక్రీటుదైతే మునిగిపోదా అని అడిగారు.

మునగదు. ఇంట్లోనే చూడొచ్చు. నీళ్ళ తొట్టిలో ఖాళీ స్టీలు గిన్నె పెట్టండి, తేలుతుంది. నడిమధ్యన రెండు గుప్పిళ్ళ బియ్యం పోస్తే కాస్త దిగి నిలబడుతుంది. ఆ బియ్యాన్నే ఒక పక్కకు నెడితే గిన్నె వాలిపోతుంది. గిన్నె తన అడుగుతో పక్కకు నెట్టిన నీటి బరువు ఎంతో అంత బరువును నీరు మోస్తుంది, అంతే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి ఇళ్ళకు అడుగున బోలు కాంక్రీటు తొట్టి ఉంటుంది. కొట్టుకుపోకుండా స్టీలు స్తంభాలకు పట్టి ఉంచుతారు. నీటిమట్టంతో పాటు ఇల్లూ లేస్తుంది, దిగుతుంది. కరెంటు తీగలు, మురుగు పైపులు వంగేవి వేస్తారు. బీరువా ఏ మూలన పెట్టాలో కూడా ముందే లెక్క చూసుకోవాలి.

మన చిక్కల్లా ఎండాకాలమే. చెరువు అడుగంటితే ఇల్లు ఎగుడుదిగుడు బురద మీద కూర్చుంటుంది, ఒరుగుతుంది, తొట్టి పగలొచ్చు. పైగా ఆ నీళ్ళు ఆయకట్టు రైతులవి, అందులో ఇళ్ళు నాకైతే అస్సలు ఇష్టం లేదు. స్వర్ణముఖి లాంటి ఏట్లో అయితే వరద ఉరవడికి ఆగడం కష్టం.

2021 నవంబర్‌లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించినప్పటి టెన్షన్ ఇంకా గుర్తుంది. అలాంటి పల్లపు చోట్లకు నెదర్లాండ్స్‌లోని మాస్‌బొమ్మెల్ పద్ధతి నయం: ఇల్లు మామూలుగా నేల మీదే ఉంటుంది, వరదొస్తేనే తేలుతుంది.