డాలస్ మిత్రుల కోసం అడవి కౌలుకి తీసుకోవచ్చా?

సందేహం: అన్నా, మాది ఖమ్మం. జూన్‌లో డాలస్ నుంచి అయోవా వచ్చాను. డాలస్‌లో ఉన్న నలుగురు మిత్రులు ఇక్కడ జింకల వేట కోసం 160 ఎకరాలు కౌలుకి తీసుకుందామంటున్నారు. నేను ఇక్కడే ఉంటాను కాబట్టి కాగితం నా పేరున పెడతారట. ఆఫీసులో ఈ మాట చెప్పగానే అప్పటిదాకా బాగా మాట్లాడినవాళ్లు మొహం తిప్పుకున్నారు. నేనేం తప్పన్నాను? అయినా బయటి రాష్ట్రం వాళ్లకి ట్యాగు, అంటే ఒక జింకను కొట్టే అనుమతి, అంత ధర పెట్టడం అన్యాయం కాదా?

తమ్ముడూ, ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఎందుకో చెబుతాను. నీ వయసులో నేను పెట్టాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 2003 నవంబరులో అయోవా దక్షిణాన ఒక చిన్న ఊరికి ఉద్యోగానికి వచ్చాను. ఊళ్లో తెలుగు మాట మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మీకిప్పుడు ఫోన్ తీస్తే అమ్మ కనపడుతుంది, వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది ఉంటారు. మేం ఫోన్ కార్డు గీకి, నంబర్లు నొక్కి, పది నిమిషాలు మాట్లాడి పెట్టేసేవాళ్లం. ఆ తర్వాత మంచు, కిటికీ, నేను, మా ఆవిడ. అంతే. డబ్బు ఇబ్బంది తట్టుకోవచ్చు తమ్ముడూ, ఈ దేశంలో మనిషి తోడు లేకపోవడం తట్టుకోలేం. నీకింకా తెలియదు. మొదటి చలికాలం దాటితే తెలుస్తుంది.

డిసెంబరు మొదటి శనివారం వచ్చేసరికి ఊరంతా ఆరెంజ్ చొక్కాలు. వేటగాళ్లు ఒకరికొకరు కనపడాలని వేసుకునేవి. షాట్‌గన్‌తో జింకల్ని కొట్టే సీజన్ మొదలైంది. సోమవారం ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం పక్కింటి పెద్దాయన తలుపు కొట్టి, తెల్లకాగితంలో చుట్టిన మాంసం పొట్లం చేతిలో పెట్టాడు. జింక మాంసం. మన దగ్గర 1972 చట్టం కింద జింకను చంపితే జైలే కదా, మా ఆవిడ భయపడిపోయింది. ఇక్కడ తప్పు కాదని నచ్చజెప్పాక అల్లం వెల్లుల్లి దట్టించి, ధనియాల పొడి వేసి మటన్‌లాగే వండింది. అందులో సగం గిన్నెలో పెట్టి ఆయనకి తిరిగి ఇచ్చాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చినవాడు రెండు గంటలు కూర్చున్నాడు. ఈ దేశంలో నాకు దొరికిన మొదటి స్నేహితుడు ఆయనే.

ఆయనే నన్ను హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి తీసుకెళ్లాడు. తర్వాతి ఏడాది తన గుంపులో కలుపుకున్నాడు. పదిమంది. కొందరు అడవికి ఒక పక్కన నిలబడతారు, మిగతావాళ్లు రెండో పక్కనుంచి నడుస్తూ జింకల్ని తోలతారు. నా పని తోలడమే. మోకాళ్ల లోతు మంచులో ముళ్లపొదలు దాటుకుంటూ నడిచేవాణ్ని. మధ్యాహ్నం ట్రక్కు వెనక నిలబడి అందరం ఒకే ఫ్లాస్కులోంచి సూప్ తాగేవాళ్లం. ఆ అడవి ఒక ముసలి రైతుది, రెండొందల ఎకరాలు. ముప్పై ఏళ్లుగా వాళ్లకి అక్కడ మాట మీదే అనుమతి. అద్దె లేదు, కాగితం లేదు. దానికి బదులు వీళ్లు ఆయన కంచె బాగుచేసేవాళ్లు, మంచు తీసేవాళ్లు, క్రిస్మస్‌కి జింక సాసేజ్ ఇచ్చేవాళ్లు.

2009లో ఆ రైతు పోయాడు. పిల్లలు వేరే రాష్ట్రంలో ఉంటారు. అడవిని కౌలుకి ఇస్తామన్నారు. సరిగ్గా అప్పుడే డాలస్, షికాగోల నుంచి నా స్నేహితులు నలుగురు నీ మిత్రులు చెప్పిన మాటే చెప్పారు. తలా వెయ్యి డాలర్లు. పెద్దాయన గుంపు అంత ఇవ్వలేదని నాకు తెలుసు. తెలిసీ, ఎవరో ఒకరు తీసుకుంటారుగా, నేను తీసుకుంటే నష్టమేమిటి అనుకున్నాను. సంతకం పెట్టాను. లోపలికి రావద్దని బోర్డు కొట్టించి, కింద నా పేరు, నా ఫోన్ నంబరు వేయించాను. నా పేరు అమెరికాలో ఒక చెట్టుకి వేలాడుతుంటే గర్వపడ్డాను.

ఆ బోర్డు పెద్దాయన చదివాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. ఆ డిసెంబరులో తలుపు మాత్రం కొట్టలేదు. గుంపును తీసుకుని నలభై మైళ్ల దూరంలో, ఎవరైనా వేటాడుకోగలిగే పబ్లిక్ స్థలానికి వెళ్లాడు. అక్కడ తెల్లారకముందే బయటి రాష్ట్రాల నంబర్ ప్లేట్లున్న ట్రక్కులు నిండిపోయాయట. ఆయన మనవడికి పన్నెండేళ్లు. ఆ ఏడాది మొదటి జింకను కొట్టాల్సినవాడు, తాత, తండ్రి కొట్టిన అడవిలోనే. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు.

మరి నా స్నేహితులకేం దక్కింది? లాటరీలో ఒక్కడికే ట్యాగు తగిలింది. అతను రెండు రోజులుండి, పెద్ద కొమ్ములున్నది కనపడలేదని ఒక్క జింకనీ కొట్టకుండా వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ట్యాగు లేని అడవికి వెయ్యి డాలర్లు కట్టారు. మరుసటి ఏడాది బయటి వేటగాళ్లను తెచ్చి వేట ఆడించే వ్యాపారి ఒకాయన రెట్టింపు ఇస్తానన్నాడు. అడవి మా చేయి దాటిపోయింది. మూడేళ్లు పెద్దాయనకీ నాకూ మధ్య మాట లేదు. రెండిళ్ల మధ్య ముప్పై అడుగులు. సాయంత్రం ఆయన గ్యారేజీలో దీపం వెలిగితే నేను కిటికీ దగ్గర నిలబడి చూసేవాణ్ని.

ఇప్పుడు నీ ప్రశ్న. బయటివాళ్లు వేటకి వస్తే ఇక్కడి మామూలు మనిషికి ఏం పోతుంది?

అయోవాలో మగదైనా ఆడదైనా కొట్టుకోగలిగే ట్యాగులు బయటి రాష్ట్రాల వాళ్లకి ఏడాదికి 6,000 మాత్రమే. మే నెలలో దరఖాస్తులు మొదలవుతాయి, ఆ తర్వాత లాటరీ. తగలకపోతే ఏటా ప్రిఫరెన్స్ పాయింటు, అంటే వచ్చే లాటరీలో ముందు వరసకి చేర్చేది, కొనుక్కుంటూ ఎదురుచూడాలి. దక్షిణ కౌంటీలు కావాలంటే నాలుగైదేళ్లు పట్టొచ్చు. ఖర్చు అన్నీ కలిపి 600 డాలర్లు దాటుతుంది. ఇక్కడి మనిషికి వంద లోపే. మిగతా వివరాలు ఇక్కడి సహజ వనరుల శాఖ డీఎన్‌ఆర్ వాళ్ల సైట్‌లో చూసుకో, ఏటా కొంచెం మారుతుంటాయి.

ఆరువేలే కదా అనిపిస్తుంది. కానీ ట్యాగుతో పాటు భూమి రాదు. ఈ రాష్ట్రంలో నూటికి తొంభై ఏడు వంతులు ప్రైవేటు భూమి. నాలుగేళ్లు ఆగి, ఆరొందలు కట్టి, పది గంటలు కారు నడిపి వచ్చినవాడు పబ్లిక్ స్థలంలో అదృష్టం మీద ఎందుకు ఆధారపడతాడు? కౌలు అడుగుతాడు. ఒక్కడు వారం రోజుల కోసం తీసుకున్న చోట, ఏడాది పొడవునా అక్కడే బతికే పదిమందికి దారి మూసుకుపోతుంది. పైగా వచ్చినవాడికి కావలసింది గోడకి తగిలించే కొమ్ములు. ఇంటికి మాంసం కోసం ఆడ జింకల్ని కొట్టేది ఇక్కడివాళ్లే. వాళ్లు బయటుండిపోతే ఆడ జింకలు పెరుగుతాయి, చుట్టుపక్కల రైతుల మొక్కజొన్న తినేస్తాయి.

మా భీమవరం వైపు ఇదే చూశాను. చేపల చెరువులకి బయటి పెట్టుబడి వచ్చి కౌలు రేటు పెంచేసరికి, తరాలుగా అదే చేను దున్నిన కౌలు రైతు గట్టు మీద నిలబడిపోయాడు. మా మేనమామ అలా నిలబడ్డవాడే. అదంతా కళ్లారా చూసిన నేను ఇక్కడ అదే పని చేశాను. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆ సంగతే.

భూమి ఇచ్చే రైతుని నేను తప్పు పట్టను. పన్ను కట్టాలి, ఆ డబ్బు ఆయనకి అవసరం. చిన్న ఊళ్లలో మోటెల్, మాంసం కోసి పొట్లాలు కట్టే లాకర్ షాపు ఈ వేట వారాల్లోనే కళకళలాడతాయి. అది కాదనను.

అన్యాయం కాదా అన్నావు. మోంటానాలో ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకి ఊరివాడికి 9 డాలర్లు, బయటివాడికి 225 పెట్టారని కొందరు కోర్టుకెళ్లారు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. సరదా కోసం ఆడే వేట ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. ఇక్కడ పొలం కొన్నా సరే, ఇక్కడ నివసించకపోతే రెసిడెంటువి కావని అయోవా సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కోర్టుల సంగతి అలా ఉంచి, ఊరివాళ్ల వైపు నుంచి చూడు. 1898లో ఇక్కడ జింకలు దాదాపు లేకుండా పోయి వేట ఆపేశారు. మళ్లీ తెరిచింది 1953లో. తన చిన్నప్పుడు మంచులో జింక అడుగు కనపడితే చూడ్డానికి ఇరుగుపొరుగు అంతా వచ్చేవారని పెద్దాయన చెప్పేవాడు. వేట ఆపుకుని, లైసెన్సు డబ్బు కట్టుకుని, తుపాకులు తూటాల మీద, 1937 చట్టంతో వన్యప్రాణుల కోసమే వెళ్లే పన్ను కట్టుకుని తెచ్చుకున్న మందలివి అని వాళ్ల భావన. అందుకే ఆ 6,000ని పెంచాలని, ఇక్కడ భూమి ఉన్న బయటివాళ్లకి ట్యాగు ఖాయం చేయాలని బిల్లు వచ్చినప్పుడల్లా రాజధాని డిమోయిన్ దాకా వెళ్లి అడ్డుపడతారు. 1994లో బయటి వేటగాళ్లకి తలుపు తెరిచిన కాన్సాస్‌నీ, కౌళ్లతో నిండిపోయిన ఇల్లినాయ్ పైక్ కౌంటీనీ చూపిస్తారు. మీ ఆఫీసువాళ్లు మొహం తిప్పుకున్నది నీ రంగు చూసి కాదు తమ్ముడూ. వాళ్లలో ఎవరి అడవికో మీరు కాగితం రాయించుకోబోతున్నారు.

నీ సంగతి వేరు. తొంభై రోజులు వరసగా ఇక్కడే సొంత నివాసంగా ఉంటే నువ్వు రెసిడెంటువి, ఇక్కడ ఫుల్‌టైమ్ చదువుకునే విద్యార్థులకీ వెసులుబాటు ఉంది. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు ఇంకా పర్సులో ఉంటే ముందు అది మార్చుకో. రెండుచోట్లా రెసిడెంటునని చెప్పుకుంటే ఇక్కడే కాదు, చాలా రాష్ట్రాల్లో వేట హక్కు పోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ నేరం, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందు ఎవరిదైనా సరే తుపాకీ ముట్టుకోకు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు.

పెద్దాయన సంగతి చెప్పడం పూర్తి కాలేదు. 2013 జనవరిలో మా నాన్నగారు పోయారు. టికెట్లు దొరక్క అంత్యక్రియలకి చేరలేకపోయాను. ఆ మర్నాడు తెల్లవారి లేచేసరికి మా వాకిట్లో మంచు తీసేసి ఉంది. పార మీద వాలి పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, చేసిందంతా నా నోటితో ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. అడవి తనదీ కాదు, నాదీ కాదన్నాడు. మనవడికి పన్నెండో ఏడు మాత్రం మళ్లీ రాదన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. ఆ డిసెంబరులో పబ్లిక్ స్థలానికి నన్నూ తీసుకెళ్లారు. తోలడానికే. ఆ రెండొందల ఎకరాలు నేటికీ బయటివాళ్ల కౌలులోనే ఉన్నాయి.

మీ డాలస్ మిత్రులకి వేట మీద నిజంగా మనసుంటే వచ్చే మే నెలలో దరఖాస్తు పెట్టుకోమను. ట్యాగు తగిలిన ఏడాది పబ్లిక్ స్థలంలో వాళ్లతో నేనూ నడుస్తాను. కౌలుకి పెట్టాలనుకున్న డబ్బు నువ్వు అమ్మని తీసుకురావడానికి దాచుకో. రేపు ఆఫీసుకెళ్లి, కాగితం రాయించుకోవడం లేదని అదే మనుషులతో నేరుగా చెప్పు. చెప్పాక, సీజన్‌లో తోలడానికి ఒక మనిషి తక్కువైతే నేనొస్తానను. డిసెంబరుకి ఎవరూ పిలవకపోతే మా ఊరు రా. డిమోయిన్ నుంచి గంటన్నర. నీ సైజు ఆరెంజ్ చొక్కా మా గ్యారేజీలో ఉంది. మా ఆవిడ ముద్దపప్పు, ఆవకాయ పెడుతుంది.