బస్తా మోస్తే పని కాదా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది రాజాం దగ్గర పల్లెటూరు, తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న రైసు మిల్లులో కళాసీ. నెత్తిన బస్తాతో కదలకుండా నిలబడితే జరిగిన పని సున్నా అని చదివాను, చాలా బాధనిపించింది. నాన్న ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసి ఉంటుంది. మరి అది పని కాదా? ఇంకో డౌటు, శక్తి, సామర్థ్యం ఒకటేనా? కరెంటు బిల్లులో యూనిట్ ఈ రెండిట్లో ఏది?

జవాబు: మీ నాన్నగారు చేసేది ముమ్మాటికీ పనే అమ్మా. ఇంట్లో వాడే మాటనే సైన్సుకీ పెట్టి, అర్థం మారిందని గట్టిగా చెప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. వస్తువు మీద వేసిన బలాన్ని, ఆ బలం దిశలో అది జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేదే భౌతికశాస్త్రంలో పని. 1829లో కోరియోలిస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ అర్థాన్ని స్థిరపరిచాడు, యంత్రాలు ఎంత బరువును ఎంత ఎత్తుకు లేపగలవో లెక్కకట్టడానికి ఆయనకు ఒక కొలత కావాలి, అందుకు కూలి మనుషుల మాటనే తీసుకున్నాడు. కాబట్టి అది బస్తాకి ఏం జరిగిందో చెబుతుందే తప్ప మోసిన మనిషి పడ్డ కష్టాన్ని కొలవదు.

యాభై కిలోల బస్తాని నేల మీంచి 1.2 మీటర్ల ఎత్తుకు లేపితే 50 × 9.8 (ఇది భూమి ఆకర్షణ లెక్క) × 1.2, అంటే 588 జౌళ్ల పని, పనికీ శక్తికీ కొలత జౌలే. అదే బస్తాతో నిలబడితే బలం ఉంది, దూరం లేదు, కాబట్టి సున్నా. మరి మెడ ఎందుకు నొప్పెడుతుంది? కండరం బల్లలాంటిది కాదు, బరువు కింద ఊరికే ఉండలేదు. లోపలి పోగులు బిగుసుకుంటూ వదులవుతూనే ఉంటాయి, తిన్న అన్నం నుంచి వచ్చిన శక్తి అక్కడ ఖర్చయి వేడిగా మారుతుంది, ఆ వేడి వల్లే కదలకుండా నిలబడ్డా చెమట పడుతుంది. శక్తి నిజంగానే ఖర్చయింది, బస్తాకి మాత్రం చేరలేదు.

సామర్థ్యం వేరు. ఎంత పని చేయగలదన్నది శక్తి అయితే, సెకనుకి ఎంత పని జరిగిందన్నది సామర్థ్యం, దాన్ని వాట్లలో కొలుస్తారు. ఆ 588 జౌళ్లు ఒకరు రెండు సెకన్లలో చేస్తే 294 వాట్లు, ఇంకొకరు నాలుగు సెకన్లు తీసుకుంటే 147. పని ఇద్దరిదీ ఒకటే.

బిల్లులో యూనిట్ శక్తి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్, అంటే 36 లక్షల జౌళ్లు. మనం కరెంటు బిల్లు అంటాం గానీ, కరెంటు అంటే తీగలో విద్యుదావేశం (ఛార్జి) పారే రేటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. మీటరు కూడేది శక్తిని. ఇందాకటి లెక్కన ఒక్క యూనిట్‌కి సరిపడా పని జరగాలంటే ఆరు వేలకు పైగా బస్తాలు లేపాలి, నువ్వే భాగించి చూడు.

అన్నట్టు, పరీక్షలో "బస్తా మీద జరిగిన పని సున్నా" అని రాయి. "మనిషి పని చేయలేదు" అని మాత్రం రాయకు.